ఇరవై డాలర్ల దోస్తీ

మార్చి దగ్గర పడుతోందంటే మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వస్తుంది. ఈసారి కాస్త ముందే వచ్చింది. డాలస్ నుంచి మా మామూ కొడుకు పెట్టాడు. "భాయీజాన్, ఈసారి బ్రాకెట్లకి మళ్ళీ ఎంట్రీ ఫీజు పెడదాం. ఇరవై డాలర్లే. ఫ్రెండ్లీగానే. డబ్బుల్లేకపోతే మజా రావట్లేదు." దాని కింద పద్నాలుగు బొటనవేళ్ళు లేచాయి. అందులో రెండు మా ఇంట్లోవే.

పద్నాలుగు బొటనవేళ్ళకి గ్రూపులో జవాబు రాస్తే పది నిమిషాల్లో ఎవరిదో సాల్‌గిరా కేక్ ఫొటో కింద దఫన్ అయిపోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నా. జవాబు ఒక్క మాట: నహీ. వజహ్ మాత్రం కొంచెం పొడుగు.

ముందు ఈ బ్రాకెట్ల సంగతి తెలియనివాళ్ళకి. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ఒకటి ఉంది. 1939లో ఎనిమిది టీములతో మొదలైంది. ఇప్పుడు 68. మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం ఎవరు ఎవరితో ఆడతారో ప్రకటిస్తారు. నాలుగు చిన్న మ్యాచ్‌లు అయ్యాక 64 మిగులుతాయి. అక్కణ్ణుంచి ఓడినవాడు ఇంటికే, రెండో మౌకా లేదు. మొత్తం 63 మ్యాచ్‌లు. ఒక్కటీ మొదలుకాక ముందే ఆ 63 ఫలితాల్నీ కాగితం మీద నింపడమే బ్రాకెట్. నాణెం ఎగరేసి నింపితే ఎన్ని రకాలుగా నింపొచ్చో లెక్క కట్టారు: సుమారు 92 వేల కోట్ల కోట్లు. మొత్తం 63 సరిగ్గా చెప్పినవాడు ఇంతవరకూ ఎక్కడా రికార్డులో లేడు. 2019లో ఒహాయోలో ఒకాయన వరసగా 49 సరిగ్గా చెప్పాడు, అదే ఇప్పటిదాకా పెద్ద కరామత్. 2014లో వారెన్ బఫెట్ అండతో ఒక కంపెనీ అన్నీ సరిగ్గా చెప్పినవాళ్ళకి వంద కోట్ల డాలర్లు ఇస్తామంది. ఆ డబ్బు చెక్కుచెదరలేదు.

హైదరాబాద్‌లో కూర్చున్న నాకు దీంతో ఏం పని అంటారా. నల్గొండలో నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో బాస్కెట్‌బాల్ స్తంభం ఒకటి ఉండేది. రింగు ఉండేది, జాలీ ఉండేది కాదు, బంతి అసలే లేదు. వాచ్‌మన్ భార్య ఆ స్తంభానికి తాడు కట్టి బట్టలు ఆరేసేది. నా బాస్కెట్‌బాల్ ఇల్మ్ అంతవరకే. కానీ ఖాందాన్‌లో సగం మంది అమెరికాలో ఉన్నారు. వాళ్ళ పిల్లలు అక్కడి కాలేజీల్లో చదువుతున్నారు. ఈద్‌కి తప్ప మాట్లాడుకోని నాలుగు దేశాల చుట్టాల్ని మూడు వారాలు ఒక్కచోట కూర్చోబెట్టే బహానా ఇది. పత్రికలో పనిచేసేవాడు కాబట్టి లెక్కలు సరిగ్గా రాస్తాడని ముంతజిమ్ పని నా నెత్తిన పెట్టారు. ఫారం తయారుచేయడం, తాళం వేయడం, రోజూ మార్కుల పట్టిక పెట్టడం, షికాయత్‌లు వినడం. చివరిదే ఎక్కువ.

2023లో మొదటిసారి డబ్బు పెట్టాం. 29 మంది, తలా 20 డాలర్లు, మొత్తం 580. ఇక్కడివాళ్ళు రూపాయల్లో నా ఖాతాకి పంపారు. డాలస్‌లో ఇరవై డాలర్లంటే ఒక పూట బయట తిండి. మా ఫుప్పీ కొడుకు నల్గొండలో మెడికల్ షాపులో పనిచేస్తాడు. వాడికి అవి 1,650 రూపాయలు, మూడు రోజుల జీతం. "అందరికీ బరాబర్ ఫీజు" అన్నప్పుడు ఈ ఫరక్ ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు.

గడువు గురువారం అమెరికా తూర్పు టైం ప్రకారం మధ్యాహ్నం 12, అంటే మనకి రాత్రి 9:30. వాడు షాపు షట్టర్ దించి ఇంటికెళ్ళి ఫారం తెరిచేసరికి తాళం పడింది. చేత్తో నింపిన కాగితం ఫొటో తీసి 9:50కి నాకు పంపాడు. అప్పటికి మొదటి మ్యాచ్ మొదలై అయిదు నిమిషాలైంది. రెండోది, వర్జీనియాకీ ఫర్మన్ అనే చిన్న యూనివర్సిటీకీ, ఇంకా మొదలుకాలేదు. నేను లిహాజ్ చేశాను. ఇరవై నిమిషాలే కదా, ఇంటి పిల్లాడే కదా అని పొద్దున్నే లేచి వాడి కాగితం నా చేత్తో పట్టికలో ఎక్కించాను. రాత్రికి రాత్రి 13వ సీడ్ ఫర్మన్ 4వ సీడ్ వర్జీనియాని 68-67తో ఓడించింది. మా గ్రూపులో ఫర్మన్‌ని రాసినవాడు వాడొక్కడే. ఎందుకు రాశావురా అంటే, "భాయీజాన్, ఫర్మాన్ అని చదివాను. నిజాం ఫర్మాన్ కదా, ఓడిపోతుందా?" అన్నాడు. ఛాంపియన్‌గా కనెటికట్ రాశాడు. వాళ్ళన్న హార్ట్‌ఫర్డ్‌లో ఇన్సూరెన్స్ కంపెనీకి పనిచేస్తాడు కాబట్టి.

ఏప్రిల్ 3న కనెటికట్ 76-59తో శాన్‌డియేగో స్టేట్‌ని ఓడించింది. ఆ టీములో అడామా సనోగో అని మాలీ దేశపు కుర్రాడు ఉన్నాడు, రంజాన్ రోజాలు ఉంటూ ఆడాడు, టోర్నమెంట్‌లో అందరికన్నా గొప్ప ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఆ రాత్రి మనవాళ్ళు మాట్లాడుకోవాల్సింది అతని గురించి. మాట్లాడుకున్నది దేని గురించి? మా ఫుప్పీ కొడుకు మొదటి స్థానం. డాలస్‌లో మా మామూ కూతురు రెండో స్థానం. తేడా 10 మార్కులు. ఫర్మన్ మ్యాచ్‌కి సరిగ్గా 10 మార్కులు.

ఆ అమ్మాయి ఆట నిజంగా చూసే మనిషి. నవంబర్ నుంచి టీముల్ని గమనించి, ఆలోచించి కనెటికట్‌ని రాసింది. ఆమె ఒకే ఒక్క వాక్యం పెట్టింది: "గడువు 9:30 అని రూల్ రాసింది ఎవరు?" రాసింది నేనే. తప్పింది నేనే. ఆ తర్వాత మాటలు నడిచిన తీరు మీరు ఊహించుకోగలరు. పొద్దున ఎక్కించావా, మ్యాచ్ అయ్యాక ఎక్కించావా? ఫొటో మార్చొచ్చు కదా? ఇక్కడివాళ్ళంతా ఒక పార్టీనా? అవతల, కారు మీద కారు కొనేవాళ్ళకి మందుల షాపు కుర్రాడి గెలుపు హజం కాలేదా? సగం సగం పంచుతానన్నాను. ఇద్దరూ తీసుకోలేదు. 580 డాలర్లు ఎవరివి వాళ్ళకి వాపస్ పంపాను. అదే ఏడాది డిసెంబర్‌లో ఫుప్పీ ఇంట్లో నిఖా జరిగింది. మామూ వాళ్ళింటికి పెళ్ళి రుఖా వెళ్ళలేదు. ఇప్పుడు "ఫ్రెండ్లీగానే" అని మెసేజ్ పెట్టింది ఆ అమ్మాయి సొంత తమ్ముడు. యాదాష్త్ అంటే ఇదీ.

నా కసూర్ నేను ఒప్పుకుంటాను. గడువు దాటిన కాగితం తీసుకోకూడదు. కానీ అదే పని డబ్బు లేనప్పుడు చేసి ఉంటే ఏమయ్యేది? రెండు రోజులు నన్ను ఏడిపించేవాళ్ళు. ఫర్మాన్ జోక్ పదేళ్ళు బతికేది. 10 మార్కుల తప్పు 10 మార్కుల తప్పుగానే ఉండేది. దాన్ని చోరీ చేసింది ఇరవై డాలర్లు. డబ్బు ఆటకి మజా తెస్తుందని నువ్వంటున్నావు బేటా. నేను చూసింది చెబుతున్నా: డబ్బు ముంతజిమ్‌ని ముజ్రిమ్ చేస్తుంది, గెలిచినవాణ్ణి సఫాయీ ఇచ్చుకునేవాణ్ణి చేస్తుంది.

ఇంకో లెక్క వినండి. 2024, 2025ల్లో డబ్బు లేకుండా నడిపాను. 2025లో టీముల జాబితా మనకి సోమవారం తెల్లవారుజామున మూడున్నరకి వచ్చింది, రంజాన్. మా ఇంట్లో సహరీకి లేచి ఉన్నారు. అమ్మీకి ఇంగ్లిష్ చదవడం రాదు. నేను పేర్లూ నంబర్లూ చదువుతుంటే ఆమె రోటీ తింటూ జవాబులు చెప్పింది. ఆమె ఉసూల్ ఒక్కటే: "ఒకటో నంబర్ అంటే మంచోళ్ళే కదా, వాళ్ళనే రాయి." ఆఖరి నలుగురిలో ఫ్లోరిడా ఎందుకంటే మా తమ్ముడు టాంపాలో ఉంటాడు కాబట్టి. ఆ ఏడాది నాలుగు ఒకటో సీడ్లూ సెమీఫైనల్‌కి వచ్చాయి. 1985లో 64 టీముల పద్ధతి మొదలయ్యాక అది రెండోసారి జరగడం, మొదటిసారి 2008లో. ఫైనల్లో ఫ్లోరిడా 65-63తో హ్యూస్టన్‌ని ఓడించింది. మా అమ్మీ ఖాందాన్ ఛాంపియన్.

ఇప్పుడు దిల్ మీద చెయ్యి పెట్టి చెప్పండి. పట్టిక నా చేతిలో. ఫారం నేనే నింపాను. గెలిచింది నా తల్లి. ఆ రోజు నా ఖాతాలో ఆరువందల డాలర్లు ఉంటే మీలో ఎంతమంది నన్ను నమ్మేవాళ్ళు? ఒక్కరూ అనుమానించలేదు. డాలస్ నుంచి అదే అమ్మాయి అమ్మీకి ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. రెండేళ్ళ తర్వాత మొదటి ఫోన్.

"డబ్బు లేకపోతే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు" అన్న దలీల్ నాకు అర్థం కాదు. సీరియస్‌గా ఎందుకు తీసుకోవాలి? 2018లో వర్జీనియా మొత్తం టోర్నమెంట్‌లోనే మొదటి సీడ్. మేరీల్యాండ్-బాల్టిమోర్ కౌంటీ అనే పేరు కూడా సరిగ్గా వినని 16వ సీడ్ చేతిలో 74-54తో ఓడిపోయింది. అంతకు ముందు మగవాళ్ళ టోర్నమెంట్‌లో ఏ 16వ సీడూ ఒకటో సీడ్‌ని ఓడించలేదు. నిపుణుల బ్రాకెట్లన్నీ ఆ రాత్రే చెత్తబుట్టలోకి. మరుసటేడాది అదే వర్జీనియా కప్పు గెలిచింది. ఇలాంటి తమాషా మీద మూడు రోజుల జీతం పెట్టమంటారా?

డిగ్రీలో నేను తెలుగు సాహిత్యం చదివాను. క్లాసులో ఉర్దూ మీడియం నుంచి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. సభాపర్వం చెప్పేటప్పుడు మా మాస్టారు ఒక సంస్కృత మాట దగ్గర ఆగారు. విదురుణ్ని పంపి ధర్మరాజుని పిలిపించింది జూదానికి అని కాదు, సుహృద్ద్యూతానికి అని. సుహృత్తులు ఆడుకునే ద్యూతం. ఉర్దూలో చెప్పాలంటే దోస్తానా జువా. ఇప్పటి భాషలో ఫ్రెండ్లీ పూల్. కౌరవ సభలో ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు.

అతిశయోక్తి అంటారా? సరే, అమెరికాదే మిసాల్ తీసుకోండి. న్యూయార్క్‌లో స్టేటన్ ఐలాండ్‌లో ఒక చిన్న బార్, జోడీస్ క్లబ్ ఫారెస్ట్. 1977లో 88 మంది గిరాకీలు తలా 10 డాలర్లు వేసుకుని ఎవరు గెలుస్తారో పందెం కట్టుకున్నారు. దోస్తులే. 2006 నాటికి ఆ బార్ ప్రైజు 15 లక్షల డాలర్లు దాటింది. ట్యాక్స్ వాళ్ళ నజర్ పడి మూతపడింది. 2003లో వాషింగ్టన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ రిక్ న్యూహైసెల్ ఉద్యోగం పోయింది, ఇరుగుపొరుగు వాళ్ళతో కలిసి ఈ టోర్నమెంట్ పూల్‌లో డబ్బు పెట్టినందుకు. (తర్వాత కోర్టుకెళ్ళి పరిహారం రాబట్టుకున్నాడు, అది వేరే కిస్సా.) టోర్నమెంట్ నడిపే ఎన్‌సీఏఏ తన ఆటగాళ్ళకీ కోచ్‌లకీ పెట్టిన ఖాయిదా ఏమిటి? ఎంట్రీ ఫీజు కట్టి ప్రైజు గెలిచే బ్రాకెట్ పూల్‌లో చేరకూడదు. ఉచితమైతే పర్వాలేదు. నేను గీస్తున్న గీత కూడా అదే.

అవతలి గట్టు మీదున్న పెద్దమనుషులకీ ఒక మాట. మా బిరాదరీలో ఒక బుజుర్గ్ డబ్బు తీసేసినా ఒప్పుకోలేదు. "రేపు జరిగేది ఇవాళ చెప్పడం గైబ్ మాట, అది అల్లాకే ఎరుక" అన్నారు. చచా, నేను గైబ్ చెప్పట్లేదు. మబ్బు చూసి గొడుగు పట్టుకెళ్ళే రైతు ఎంత గైబ్ చెబుతున్నాడో అంతే. అందరూ డబ్బు వేసి ఒకడు ఎత్తుకుపోతే అది ఖిమార్. ఎవరూ ఏమీ కోల్పోని చోట పక్కవాడు సంతోషంగా ఇనామ్ ఇస్తే అది ఇనామ్. ఈ ఫరక్ ఆలిములు చెప్పిందే, నా ఈజాద్ కాదు. అందుకే ఇనామ్ నా జేబులోంచి, ఒక అత్తరు సీసా. చివర వచ్చినవాడు అందరికీ హలీమ్ తినిపించాలని కొందరు అడిగారు. దానికీ ఒప్పుకోలేదు. ఓడినవాడి మీద ఖర్చు పెడితే పందెం వెనక గుమ్మంలోంచి లోపలికొచ్చినట్టే.

నాకు అసలు భయం మా గ్రూపు గురించి కాదు, గ్రూపులో ఉన్న పంతొమ్మిదేళ్ళ పిల్లల గురించి. 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఆటల పందేల మీద ఉన్న కేంద్ర చట్టాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ముప్పైకి పైగా రాష్ట్రాలు తలుపులు తెరిచాయి. టెక్సస్ ఇంకా తెరవలేదు, మా వాళ్ళ ఖుష్‌నసీబీ. పిల్లలు ఉచిత బ్రాకెట్ నింపేది ఈఎస్‌పీఎన్‌లో. 2023 నవంబర్‌లో ఆ పేరునే వాడుకుంటూ ఒక బెట్టింగ్ యాప్ వచ్చింది, 2025 చివరిదాకా ఆ పేరుతోనే నడిచింది. అన్నాళ్ళూ ఒకే బోర్డు కింద రెండు దుకాణాలు ఉండేవి, ఒకదాంట్లో ఆట, ఒకదాంట్లో జువా. పద్దెనిమిదేళ్ళవాడికి గుమ్మాల తేడా ఎవరు చెబుతారు? ఇంట్లో మామూలూ చచాలూ ఇరవై డాలర్లు వేసి "ఫ్రెండ్లీ" అంటుంటే వాడు నేర్చుకునేది ఒకటే, డబ్బు పెట్టకుండా ఆట చూడడం పిల్లల పని అని.

ఆడేదీ ఆ ఈడు పిల్లలే. పందెం పోయినవాళ్ళు ఫోన్లలో ఆటగాళ్ళని బూతులు తిడుతున్నారని, కాలేజీ ఆటగాడు ఒక్కడు ఎన్ని పాయింట్లు కొడతాడన్న పందేల్ని ఆపాలని 2024 మార్చిలో ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకరే అడగాల్సి వచ్చింది. ఫ్రీ త్రో తప్పిన కుర్రాడికి వాడి అమ్మ ఓదార్పు మెసేజ్ చేరేలోపు వందమంది గాలీలు చేరుతున్నాయి. ఆ ఆట మీద మన ఇరవై డాలర్లు కూడానా?

ఇక్కడి ఖానూన్ సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఖాతా నాది, పోలీసు వస్తే నా గుమ్మానికే వస్తాడు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్ర తమ గేమింగ్ చట్టాల్ని సవరించి ఆన్‌లైన్ పందేల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది, డ్రీమ్ 11 లాంటి కంపెనీయే డబ్బు పోటీలు ఆపేసింది. అంత పెద్ద కంపెనీ మూసుకున్న దుకాణం నల్గొండ జర్నలిస్టు వాట్సాప్‌లో తెరవాలంటారా?

మజా కావాలంటే మార్కుల పద్ధతి మీద కొట్లాడండి, దానికి నేను తయార్. మామూలు లెక్కలో మొదటి రౌండ్ మ్యాచ్‌కి 10, తర్వాత రెట్టింపు రెట్టింపు, ఫైనల్‌కి 320. అంటే మొదటి రౌండ్ 32 మ్యాచ్‌లూ సరిగ్గా చెప్పినవాడూ, ఒక్క ఛాంపియన్ పేరు సరిగ్గా చెప్పినవాడూ బరాబర్. ఇది ఇన్సాఫా? మూడు వారాల ఆట ఒక్క పేరు మీద తేలిపోతుంది. మేం 2, 3, 5, 8, 13, 21 పెట్టుకున్నాం. ఫైనల్ దాకా పది పన్నెండు మందికి ఆశ ఉంటుంది. 2024లో చిన్న టీము గెలుపు సరిగ్గా చెబితే బోనస్ అని పెట్టాను. షికాగోలో మా భాంజా అన్ని మ్యాచ్‌లకీ కింది సీడ్‌నే రాసేశాడు. ఓక్లాండ్ కెంటకీని, యేల్ ఆబర్న్‌ని ఓడించాయి. వాడు శనివారం దాకా అందరి నెత్తిన కూర్చున్నాడు. బోనస్ తీసేశాను. వాడు ఇప్పటికీ అది జుల్మ్ అంటాడు. ఇలాంటి తగాదా ఎన్నేళ్ళయినా నడవొచ్చు, దీనివల్ల ఎవరి నిఖా రుఖా ఆగదు.

ఇంకోటి. 2024 నుంచి ఆడపిల్లల టోర్నమెంట్ కూడా నడుపుతున్నాం. మా బేటీ జిద్ చేసింది. ఎన్‌సీఏఏ 2022 దాకా "మార్చ్ మ్యాడ్‌నెస్" అన్న పేరు కూడా వాళ్ళని వాడుకోనివ్వలేదు. 2024లో సౌత్ కరోలైనా, అయోవా ఆడపిల్లల ఫైనల్‌ని మగవాళ్ళ ఫైనల్ కన్నా ఎక్కువమంది చూశారు. డబ్బు పెడదామన్న మా మామూ కొడుకు ఆ బ్రాకెట్ ఇంతవరకూ ఒక్కసారీ నింపలేదు. మజా రావట్లేదన్నాడు కదా, సగం ఆట చూడకుండా ఎలా వస్తుంది?

కాబట్టి ఈసారి ఖాయిదాలు. ఫీజు లేదు. ఎవరైనా నా ఖాతాలో డబ్బు వేస్తే ఆ రాత్రే వాపస్. మగవాళ్ళది, ఆడవాళ్ళది రెండూ నింపాలి. మార్కులు సరిసమానమైతే ఫైనల్లో రెండు టీముల పాయింట్ల మొత్తం ఎవరు దగ్గరగా రాశారో చూస్తాను. అమ్మీ ఫారం ఈసారి నేను నింపను, డాలస్ నుంచి మా మామూ కూతురు ఫోన్లో అడిగి నింపుతుంది, తనే ఒప్పుకుంది. గడువు గురువారం డాలస్‌లో పగలు 11, జెద్దాలో సాయంత్రం 7, మనకి రాత్రి 9:30. ఫుప్పీ కొడుక్కి మాత్రం బుధవారమే ఫోన్ చేస్తాను, షట్టర్ దించే ముందే నింపమని.